కోటు అంచున పసుపు

మా ఊరి చివరనున్న గోదాముకి ఆస్తి పన్ను లేదు. నా కుట్టు కొట్టుకి ఉంది. నేనీ మాట ఎత్తినప్పుడల్లా మా ఆయన "మళ్లీ మొదలెట్టావా" అని ఆటో తీసుకుని వెళ్లిపోతాడు. ఆయన నర్సీపట్నానికీ కోటవురట్లకీ మధ్య సర్వీసు ఆటో తిప్పుతాడు. రోజంతా ఆ గోదాము ముందు నుంచే తిరిగి తిరిగి దాన్ని చూడటమే మానేశాడు. నేను మానలేకపోతున్నాను. నాకు నోరెక్కువని మా వీధిలో అందరికీ తెలుసు. అయినా ఇది కోపంతో రాస్తున్నది కాదు, సిగ్గుతో రాస్తున్నది. కోపమే అయితే ఎవరో ఒకరి మీద అరిచేసి, మళ్లీ మిషను ముందు కూర్చునేదాన్ని.

గోదాము ఉన్నచోట ఒకప్పుడు చెరకు, దాని పక్క మెట్టలో జీడితోట ఉండేవి. ఇప్పుడు నీలం రేకుల గోడ, గేటు, లారీలు. మేమంతా దాన్ని షెడ్డు అంటాం. జనం ఫోన్లలో కొనుక్కునే సామాన్లు అక్కడికి పెద్ద లారీల్లో వచ్చి, విడివిడి పొట్లాలై, వేరే లారీలెక్కి పోతాయి. మా ఊళ్లో మాత్రం ఏదీ దిగదు. ఒకసారి నేను కత్తెర ఆర్డరు పెడితే అది షెడ్డులోంచే బయల్దేరి విశాఖపట్నం వెళ్లి, అక్కణ్నుంచి నర్సీపట్నం వచ్చి, చివరికి ఎవరి బండి మీదో నా కొట్టుకి చేరింది. కొట్టులోంచి చూస్తే షెడ్డు గోడ కనిపిస్తూనే ఉంటుంది.

అది రాకముందు బడి ఆవరణలో షామియానా వేసి గ్రామసభ పెట్టారు. కంపెనీ తరఫున ఒకాయన వచ్చాడు. మండలం నుంచి ఆఫీసర్లు వచ్చారు. పెద్ద కంపెనీ మనలాంటి చిన్న ఊరికి రావాలంటే మనం కూడా కొంత వదులుకోవాలని సర్పంచిగారు చెప్పారు. షెడ్డుకి కొన్నేళ్లపాటు ఆస్తి పన్ను ఉండదు, కరెంటులో రాయితీ ఉంటుంది, మెయిన్ రోడ్డు నుంచి గేటు దాకా సిమెంటు రోడ్డు పంచాయతీయే వేసి ఇస్తుంది. అందుకు బదులుగా లోపల పనిచేసేవాళ్లలో సగంమంది చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లే ఉండాలి. ఉన్నారో లేదో ఏటా తనిఖీకి వచ్చి చూస్తారు. ఉంటేనే మరుసటి ఏడాది పన్ను మాఫీ. ఆడవాళ్ల మాట రాగానే మా వరసలోంచే ముందుగా చప్పట్లు మోగాయి. నా చప్పట్లు కూడా అందులో ఉన్నాయి.

ఆ చప్పట్లు ఆగకుండానే మా అక్క లేచి నిలబడి, పని ఎప్పట్నుంచండీ అని అడిగింది. సభంతా నవ్వింది. కంపెనీ ఆయన కూడా నవ్వి, తొందర్లోనే అన్నాడు.

అక్క అంటే నా తోటికోడలు, మా బావగారి భార్య. ఆ బడిలోనే పిల్లలకి మధ్యాహ్నం వంట చేసేది. ఎన్నో ఏళ్లుగా అదే పొయ్యి, అదే గిన్నెలు. జీతం చెప్పుకోదగ్గది కాదు, అదీ వేళకి రాదు. అయినా మా బావగారు చెరకు లోడు ఎక్కిస్తూ పడి నడుం పాడుచేసుకున్నప్పటినుంచి ఆ ఇల్లు ఆ గరిటె మీదే నడిచింది. పొగకి అక్క కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి, నీళ్లు కారేవి. కళ్ల ఆసుపత్రివాళ్లు ఊరికొచ్చినప్పుడు కళ్లజోడిచ్చి, పొగకి దూరంగా ఉండమన్నారు. వంటావిడ పొగకి దూరంగా ఎలా ఉంటుందో వాళ్లు చెప్పలేదు. అందుకే ఆవిడకి షెడ్డు అంత ముద్దొచ్చింది. "పొగ నేని పని ఒక్కటి దొరికితే సాలు సెల్లీ, ఇంకేటీ అక్కర్నేదు" అనేది.

షెడ్డు లేచాక కంపెనీ మనిషి ఒకడు నా కొట్టుకొచ్చాడు. మెడలో కార్డు, చేతిలో ఫోను, చక్కని మర్యాద. పనిలోకి వచ్చే ఆడవాళ్లకి చీర మీద వేసుకునే నీలం కోట్లు కుట్టాలన్నాడు. గుడ్డ వాళ్లదే. అన్నీ ఒకటే సైజు, ఎవరు వేసుకున్నా పట్టేలా ఉంటే చాలన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఎవరు వేసుకున్నా పట్టేది గోనెసంచి, అది కావాలంటే రైతుబజారులో దొరుకుతుందని చెప్పాను. నా చేతిలోంచి కొలత లేకుండా గుడ్డ బయటికి పోదన్నాను. అతను ఫోనులోంచి తలెత్తకుండానే, మీ ఇష్టం మేడం, తనిఖీ రోజుకి అందితే చాలన్నాడు. ఎంత మంచివాడో అనుకున్నాను. అతనికి సైజు ఎందుకు పట్టలేదో ఇప్పుడు తెలుసు.

కొలతకి రమ్మని ఊళ్లో కబురు పెడితే ఆడవాళ్లు గుంపుగా దిగారు. కొలత జాకెట్టు తెమ్మంటే కొందరు పెళ్లినాటి జాకెట్లు తెచ్చారు. ఆ నడుం ఇప్పుడెక్కడుందే అని తిట్టి టేపు పెట్టాను. ఒకావిడకి చేతి మీద బెల్లం పాకం పడి కాలిన మచ్చ ఉంది, ఆఫీసులో కనిపించకుండా చెయ్యి పొడుగు పెట్టమంది. ఇంకొకావిడకి అప్పుడే నెల తప్పింది, ఇంకా ఎవరికీ చెప్పలేదు, నా చెవిలో చెప్పి ముందువైపు కుట్టులో గుడ్డ వదలమంది. నిజానికి అందరికీ వదిలాను. ఉద్యోగంలో కుదురుకుంటే ఒళ్లొస్తుంది, రెండేళ్లకో మూడేళ్లకో వదులు చేసుకోవాల్సి వస్తుందని, అడగనివాళ్లకి కూడా పక్క కుట్ల లోపల గుడ్డ మడిచి ఉంచాను. అక్క తన కోటుకి లోపల ఎడమవైపు కళ్లజోడు పట్టే జేబు కావాలంది. పొట్లాల మీద అంకెలు చదవాలి కదా, ప్రతిసారీ కొంగులోంచి తీస్తే బాగోదు అంది. ఆ జేబు మెత్తని గుడ్డతో కుట్టాను, అద్దాలు గీసుకుపోకుండా.

కోట్లు ఇంకా మిషను మీద ఉండగానే అక్క బడి పని మానేసింది. కొన్నాళ్లు సెలవు పెట్టి చూడమని హెడ్‌మాస్టరుగారు చెప్పారట. ఉద్యోగం దొరికినదాన్ని ఇంకొకరి కూడు పట్టుకుని కూర్చోకూడదని, పక్కవీధిలో భర్త పోయిన అమ్మాయికి తన చోటు ఇప్పించేసింది. విన్నవెంటనే మిషను ఆపాను. కాగితమేదైనా ఇచ్చారా అక్కా అని అడిగాను.

"కాగితం ఎందుకే? మనిసి మనిసికీ కొలతలు తీసి కుట్టిస్తన్నారు. ఒట్టినే ఎవులు కుట్టిస్తారు?"

ఈ మాట నన్నిప్పటికీ తినేస్తోంది. కొలతలు తీయమని వాళ్లు చెప్పలేదు, నేనే పట్టుబట్టాను. కంపెనీ ఇచ్చిన మాట అక్క నమ్మలేదు, నా టేపుని నమ్మింది. నా పనితనం చూసుకుని నేను మురిసిపోతున్నానే గానీ, ఆ మురిపెం వాళ్లకి ఉద్యోగ పత్రంలా కనిపిస్తోందని నాకు తట్టలేదు. తప్పు చేశానని చెప్పలేను. కానీ తప్పు చేసినవాళ్లకి లేని సిగ్గు నాకు పట్టుకుంది.

తనిఖీ రోజు పొద్దున్నే అందరూ అక్క వాకిట్లో చేరారు. మా ఇళ్లలో కొత్తబట్టకి పసుపు పెట్టకుండా ఎవరూ కట్టరు. అక్క గిన్నెలో పసుపు కలుపుకొచ్చి ఒక్కొక్కరి కోటూ తీసుకుని, లోపలి అంచు మూల మీద వేలితో బొట్టంత పెట్టి ఇచ్చింది. తలలు నున్నగా దువ్వుకుని, పూలు పెట్టుకుని, కేరేజీలు పట్టుకుని, పంచాయతీ వేసిన సిమెంటు రోడ్డు మీద నడిచి వెళ్లారు. కోట్లు ఎలా పడ్డాయో చూసుకోవాలని నేను కూడా కొట్టు మూసి వెనకాలే వెళ్లాను. ఒక్క భుజం జారలేదు. ఒక్క చంక పట్టెయ్యలేదు. ఆ పొద్దున నేనెంత గర్వంగా నడిచానో తలుచుకుంటే ఇప్పుడు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

కోట్లు కుట్టినదాన్నని నన్ను కూడా గేటు లోపలికి రానిచ్చారు. లోపల చల్లగా ఉంది. పొట్లాలు బెల్టు మీద కదిలిపోతున్నాయి. మావాళ్లని ఆ బెల్టుల పక్కన వరసగా నిలబెట్టి, ఎదురుగా వచ్చిన పొట్లాన్ని తీసి పక్క బుట్టలో పెట్టమన్నారు. ఆఫీసర్లు వచ్చారు, ఫొటోలు తీసుకున్నారు. వాళ్లలో ఒకాయన అక్క దగ్గర ఆగి, ఏ ఊరమ్మా అని అడిగాడు. అక్క ఊరు చెప్పింది, ఆయన అడక్కుండానే కోటు తన తోటికోడలు కుట్టిందని కూడా చెప్పి నన్ను చూపించింది. కళ్లజోడు తీసి జేబులో పెట్టి, మళ్లీ తీసి చూపించింది. ఆయన బాగుందమ్మా అని ముందుకెళ్లాడు. మధ్యాహ్నం అందరికీ బిరియానీ పొట్లాలిచ్చారు.

ఆఫీసర్ల కార్లు వెళ్లిపోయాక కోట్లు విప్పి ఇచ్చెయ్యమన్నారు. కబురు చేస్తామన్నారు, నా ఫోను నంబరు రాసుకున్నారు. మావాళ్లు ఎంతో పద్ధతిగా మడతలు పెట్టి ఇచ్చారు. దారిలో ఎవరో అడిగితే, కంపెనీవాళ్లు మిషన్లో ఉతికి, ఇస్త్రీ చేసి, మెడలో కార్డులతోపాటు ఇస్తారని అక్క చెప్పింది. అందరూ అవునన్నారు. నాకూ అనుమానం రాలేదు. వాళ్ల ముతక సబ్బుకి రంగు వెలిసిపోతుందేమోనని మాత్రం బెంగపడ్డాను.

కబురు నా ఫోనుకే రావాలి కాబట్టి మర్నాటి నుంచి అక్క పొద్దున్నే తయారై, కేరేజీ కట్టుకుని నా కొట్టుకొచ్చి కూర్చునేది. ఫోను మోగితే నాకంటే ముందు తను చూసేది. లైనింగు గుడ్డ తీసుకెళ్లలేదేమని ఏ నర్సీపట్నం షాపువాడో చేసేవాడు. మధ్యాహ్నం కేరేజీ విప్పి సగం నాకు పెట్టేది. కొన్నాళ్లకి కేరేజీ తేవడం మానేసింది. ఇంకొన్నాళ్లకి రావడం మానేసింది. ఈలోగా ఊరికి తెలిసిపోయింది. పనివాళ్లు ఎక్కడెక్కడినుంచో బస్సుల్లో వస్తున్నారు, వాళ్లు ముందునుంచీ ఉన్నారు, తనిఖీ రోజున మాత్రం వాళ్లకి సెలవిచ్చారు. కొందరు ఆడవాళ్లు గేటు దగ్గరికి వెళ్లి అడిగారు. కాపలావాడు మొదట్లో కుర్చీ వేశాడు, తర్వాత్తర్వాత గేటు వేశాడు. సర్పంచిగారు పైవాళ్లతో మాట్లాడతానన్నారు. తనిఖీ మాత్రం బాగా జరిగిందనీ, షెడ్డుకి మరో ఏడాది పన్ను మాఫీ అయిందనీ విన్నాం.

అక్క బడికి వెళ్లి అడగలేదు. అక్కడ ఆ అమ్మాయి వండుకుంటోంది, దాని కూడు ఎలా లాక్కోనని అంది. చివరికి జీడిపిక్కలు కాల్చి కొట్టేచోట కూలికి కుదిరింది. ఆ పొగ ఎలాంటిదో దాని దగ్గర నిలబడ్డవాళ్లకే తెలుసు. బడి పొయ్యి దాని ముందు అగరొత్తి. పిక్కల నూనెకి అక్క వేళ్లు నల్లబడ్డాయి, తోలు లేచిపోయింది. వీధిలో ఎదురైతే చేతులు కొంగులో చుట్టేసుకునేది. నేను చూడనట్టు నటించేదాన్ని. ఒకే ఇంటి కోడళ్లం, ఒకరికి కనబడకుండా ఒకరం తిరగడం నేర్చుకున్నాం.

ఆ రోజుల్లోనే పంచాయతీ నుంచి గుమస్తాగారు కొట్టు పన్నుకి వచ్చారు. పోయిన ఏడు కొంచెం ఆగమంటే ఆగేవారు. ఈసారి అలా కుదరదన్నారు, ఊళ్లో అన్నిటికంటే పెద్ద బిల్డింగు ఏమీ కట్టదు కాబట్టి మిగిలినవాళ్ల దగ్గర గట్టిగా వసూలు చెయ్యక తప్పదన్నారు. చెబుతున్నంతసేపూ ఆయన నా దారం ఉండల వంకే చూశాడు. ఆయన సిగ్గు చూసి నాకు అరవబుద్ధి కాలేదు, కట్టేశాను. కొట్టు ముందు వీధి దీపం మాత్రం పోయింది పోయినట్టే ఉంది. సాయంత్రం జాకెట్లకి వచ్చేవాళ్లు ఫోను లైటు వేసుకుని వస్తారు. షెడ్డు లారీలు పోయినప్పుడు వీధంతా ఒక్క క్షణం వెలుగుతుంది.

ఏడాది తిరిగింది. ఆ మెడ కార్డు మనిషే వ్యానులో మూటలు వేసుకుని మళ్లీ నా కొట్టు ముందు దిగాడు. మూట విప్పితే నా నీలం కోట్లే. మళ్లీ తనిఖీ ఉందిట. ఈసారి పక్క మండలం నుంచి ఆడవాళ్లని తెచ్చుకుంటున్నారట. మీ ఊరివాళ్లు ఊరికే గేటు దగ్గరికి వస్తున్నారు మేడం, మాకు ఇబ్బందవుతోందని ఎంతో మర్యాదగా చెప్పాడు. కోట్లు అన్నీ కొంచెం వదులు చెయ్యాలి, లోపల గుడ్డ ఎలాగూ వదిలారు కదా అన్నాడు. అంచుల్లో ఏవో పసుపు మరకలున్నాయి, ఫొటోల్లో బాగుండవు, అవి కూడా పోగొట్టమన్నాడు. నోరెక్కువని పేరున్న నేను నోరు తెరిచేలోపే అతను మూటలు దింపేసి వెళ్లిపోయాడు.

వాటిని మర్నాడే తిప్పి పంపేద్దామని కూర్చున్నాను. సాయంత్రం అక్క అటుగా పోతూ ఆగింది. చాలా నెలల తర్వాత కొట్టు లోపలికొచ్చింది. మూట చూసింది, ఒక కోటు తీసి అంచు తిరగేసి చూసింది. దాచడానికేముంది, అంతా చెప్పాను. రేపే వాడి మొహాన కొట్టి వస్తానన్నాను. అక్క కోటు మడత పెట్టింది.

"నువ్వు పంపీస్తే నర్సీపట్నంలో ఇంకొకలు సేసి ఇస్తారు. కుట్లు ఇప్పడానికి మనిసి గావాల గదా సెల్లీ. ఆ పని నాకియ్యి. నాల్రోజులు ఆ పొగలోకి ఎల్లకుండా ఉంటాను."

నేను మూటలు తిప్పి పంపలేదు. అక్క మర్నాడు పొద్దున్నే వచ్చేసింది, కేరేజీతో.

పసుపు సబ్బుతో పోదు, ఎర్రబడుతుంది. ఎండకే పోతుంది. అందుకని కోట్లన్నీ తడిపి, కొట్టు ముందు తాడు కట్టి, అంచులు పైకి తిప్పి వీధి పొడుగునా ఆరేశాం. ఇంకెక్కడా అంత ఎండ లేదు. వీధిలో పోయేవాళ్లంతా చూశారు. పొడుగు చేతుల కోటు ముందు ఒకావిడ ఆగి, తన చెయ్యి దాని చెయ్యి పక్కన పెట్టి చూసుకుని వెళ్లిపోయింది. నెల తప్పినావిడ ఇప్పుడు చంకలో బిడ్డతో వచ్చింది, తలుపు దగ్గర నన్ను చూసి నవ్వబోయి మానేసింది. ఎవరైనా నన్ను తిట్టుంటే బతికిపోయేదాన్ని. నేను మధ్యాహ్నందాకా మిషను వెనకే కూర్చున్నాను. అక్క మాత్రం ఎండ ఎటు తిరిగితే అటు కోట్ల అంచులు తిప్పుతూ వీధిలోనే ఉంది.

ఎండ దిగాక కుట్లు విప్పడానికి కూర్చున్నాం. బ్లేడు పట్టుకుంటే అక్క వేళ్లు నొప్పెడుతున్నాయని తెలుస్తూనే ఉంది. అయినా గుడ్డకి చిన్న గాటు పడకుండా విప్పింది. ప్రతి కోటూ చేతిలోకి తీసుకుని, ఇది ఫలానావాళ్ల కోడలిది, ఇది పాలకేంద్రం పక్కావిడది అని చెప్పేస్తోంది. నేను అంత సరిగ్గా కుట్టాను. ఒక్కో కోటు గుర్తుపడుతుంటే నేను దారం తెగిందన్న వంకతో తల దించేసేదాన్ని.

చీకటి పడుతుండగా తన కోటు వచ్చింది. లోపల ఎడమవైపు జేబు చూసి ఆగింది. కళ్లజోడు తీసి అందులో పెట్టి పైనుంచి చేత్తో తడిమింది. నేను ఆ కోటు లాక్కుని పక్కన పడేద్దామనుకున్నాను, ఒక్కటి తగ్గితే ఏమవుతుంది, పోయిందని చెబుతానన్నాను. అక్క తల అడ్డంగా ఊపి, కళ్లజోడు తీసి పెట్టుకుని, పక్క కుట్టు మొదలు దగ్గర బ్లేడు ఆనించింది. వాళ్లు జేబు సంగతి ఏమీ చెప్పలేదు, కావాలంటే ఆ జేబు విప్పి తీసేసుకో అక్కా అన్నాను. నాకు అంతకంటే ఇవ్వడానికేమీ కనబడలేదు.

"జేబు ఉండనీ" అంది అక్క. "ఆ వచ్చే ఆయమ్మకీ సూపు ఆనకపోతే, కళ్లజోడు ఎక్కడెట్టుకుంటాది ఆ ఒక్కపూటా?"

కుట్టు విప్పి కోటు నాకిచ్చింది. జేబు ఒక మూల దారం ఊడి ఉంది. వీధి దీపం లేదు కాబట్టి అక్క నా ఫోను లైటు వేసి పట్టుకుంది. నేను ఆ మూల మళ్లీ గట్టిగా కుట్టాను.